తాతయ్య మనియార్డరు కట్టిన చోటు

‘డాక్టరుగారు సాయంత్రం అయిదింటికి రమ్మన్నారు. అప్పటిదాకా ఈ వెయిటింగ్ హాల్లో ఏం కూర్చుంటాం? జీపీవో చూసొద్దాం రండి నాన్నా’ అన్నాను. నాన్న పలకలేదు. కళ్లజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకు ఇష్టంలేని మాటకు జవాబు ఎప్పుడూ అదే!

నెల్లూరు నుంచి మద్రాసు ఎంత దూరమని? పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనం అక్కడే చేయొచ్చు. అయినా డెబ్భై ఆరేళ్ల నాన్న అంతకుముందు ఆ ఊరు వెళ్లింది రెండే రెండుసార్లు. రెండూ పెళ్లిళ్లకే. మా తాతయ్య అదే ఊళ్లో దాదాపు ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. ‘మీ తాత ఉన్న ఊరు కదా, చూడాలనిపించలేదా?’ అని చిన్నప్పుడు అడిగితే, ‘అందుకే వెళ్లలేదు’ అనేవాడు.

తాతయ్య జార్జ్‌టౌన్‌లో ఓ తెలుగు అచ్చాఫీసులో కంపోజిటర్. 1946లో వెళ్లాడు. 1975లో చూపు మందగించి తిరిగొచ్చాడు. నాయనమ్మ, నలుగురు పిల్లలు ఊళ్లోనే. సంక్రాంతికి వారం రోజులు, ఎండాకాలంలో ఇంకో నాలుగు రోజులు... అంతే ఆయన ఇంట్లో ఉండేది. మిగతా నెలల్లో ఆయన బదులు మనియార్డరు వచ్చేది. ‘మాకు నాయనంటే నెలకో కాగితం ముక్కేనమ్మా’ అని నాన్న నవ్వుతూనే చెబుతాడు. ఆ నవ్వు మాత్రం ఎవరికీ నచ్చదు.

ఆ కాగితం ముక్కలు నాయనమ్మ ట్రంకుపెట్టెలో నేను చూశాను. దారంతో కట్టిన కట్ట. ఒక్కోదాని మీద గుండ్రటి ముద్ర... మద్రాస్ జీపీవో. ఆ ముద్ర వేసిన చోటును ఒక్కసారి కళ్లారా చూడాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. చివరికి నాన్న లేచాడు. ‘సరే, పద. మళ్లీ రానుగా’ అన్నాడు.

సముద్రానికి ఎదురుగా...

పారిస్ కార్నర్ దాటి రాజాజీ సాలై మీదికి తిరిగితే ఎడమచేతివైపు కనిపిస్తుంది. రెండు వైపులా ఎత్తయిన రెండు బురుజులు, మధ్యలో వరసగా కమాన్లు. బురుజుల ఎత్తు 125 అడుగులట. రోడ్డుకి ఆవలివైపు బర్మా బజార్ కొట్లు, హారన్లు, మూటలతో లారీలు. ఈ సందడిలో ఆ భవనం ఓ పెద్ద జమీందారు సంతలో చిక్కుకుపోయినట్టు ఉంటుంది.

ఆ రోడ్డు అసలు పేరు ఫస్ట్ లైన్ బీచ్. అంటే సముద్రం ఒడ్డున మొదటి వరస అన్నమాట. హార్బరు కట్టి నీళ్లను వెనక్కి నెట్టకముందు అలలు దాదాపు ఇక్కడిదాకా వచ్చేవి. ఓడలు దూరంగా లంగరు వేసుకుని ఉండేవి. కట్టుమరాల వాళ్లు తాటాకు టోపీల్లో ఉత్తరాలు దాచుకుని, అలల్ని దాటుకుంటూ ఓడలకు చేరవేసేవారు. మనిషి తడిసినా ఉత్తరం తడవకూడదు!

మద్రాసులో తపాలా ఆఫీసు మొదలైంది మాత్రం ఇక్కడ కాదు, కోటలో. 1786 జూన్ 1న సెయింట్ జార్జ్ కోటలో తలుపులు తెరిచారు. ఎ.ఎం. క్యాంప్‌బెల్ అనే ఆయన మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్. అప్పటి సిబ్బంది ఎంతమందో తెలుసా? ఒక సహాయకుడు, ఒక గుమాస్తా, ఉత్తరాలు వేరుచేసే అయిదుగురు, ఒక హెడ్ ప్యూను, పదిమంది పోస్టుమ్యాన్లు. ఇప్పుడు ఓ మోస్తరు పెళ్లిలో వడ్డించేవాళ్లే అంతకన్నా ఎక్కువ ఉంటారు.

అక్కడి నుంచి తపాలా మూడు దారుల్లో వెళ్లేది. పడమర వెల్లూరుకు, దక్షిణాన మలబారు తీరంలోని అంజెంగోకు, ఉత్తరాన గంజాంకు. ఈ ఉత్తరపు దారే మనది! నెల్లూరు నుంచి కోస్తా పొడవునా సాగిపోయిన దారి. రైలు రాకముందు ఆ దారిలో సంచి భుజాన వేసుకుని పరుగెత్తినవాళ్లనే మన పెద్దలు తపాలా బంట్రోతులన్నారు.

మధ్యలో చోట్లు మారుతూ వచ్చిన జీపీవో ఇప్పుడున్న భవనంలోకి 1884లో చేరింది. దీన్ని రూపొందించింది రాబర్ట్ ఫెలోస్ చిజోమ్. మెరీనా ఒడ్డున ప్రెసిడెన్సీ కాలేజీ, సెనేట్ హౌస్, తిరువనంతపురంలో నేపియర్ మ్యూజియం... అన్నీ ఆయన గీసినవే. ఇంగ్లండు కట్టడాలను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ నిలబెట్టడం ఆయనకు నచ్చేది కాదు. మన కోటల్లో, మసీదుల్లో, కేరళ ఇళ్ల కప్పుల్లో కనిపించే పద్ధతుల్ని తీసుకుని తన లెక్కలతో కలిపేవాడు. దాన్నే ఇండో సారసెనిక్ శైలి అంటారు.

ఉత్తరాలు పంచడానికి ఇంత భవనం ఎందుకు? ఆ ముందు అయిదారేళ్లు చూస్తే అర్థమవుతుంది. కాణీకి, అంటే పావు అణాకు పోస్టుకార్డు వచ్చింది 1879లో. అప్పటిదాకా ప్రభుత్వ ఖజానాలు చూస్తున్న మనియార్డర్ల పని తపాలా శాఖకు అప్పగించింది 1880లో. దేశమంతటా పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు మొదలైంది 1882లో. అప్పటిదాకా తపాలా అంటే దొరలది, వ్యాపారులది. పోస్టుకార్డుతో, మనియార్డరుతో కూలివాడు కూడా కౌంటరు దగ్గరికి వచ్చాడు. దొరలు తమ దర్జా చూపించుకోవడానికే కట్టుకుని ఉండొచ్చు. లోపల వరసలో నిలబడింది మాత్రం తాతయ్యలాంటి వాళ్లే.

వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం ఈ ఊళ్లోదే. బొంబాయిలో పుట్టిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో దినపత్రికగా ఇక్కడే స్థిరపడింది. 1924లో ‘భారతి’, 1947లో ‘చందమామ’... తెలుగు పల్లెల్లో ఎదురుచూసిన పత్రికలు ఎన్నో మద్రాసు ముద్రతోనే వచ్చేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు అవతలివైపు ఉండిపోయింది. రాష్ట్రం మారినంత మాత్రాన తాతయ్య ఉద్యోగం మారలేదు. మనియార్డరూ ఆగలేదు.

ఒక్కసారి తప్ప.

రెండు కట్టలు

మనియార్డరు ఎలా నడిచేదో ఈ తరం పిల్లలకు తెలీదు కాబట్టి చెబుతాను. డబ్బు కట్టేటప్పుడు ఓ ఫారం నింపాలి. ఆ ఫారమే రైలెక్కి ఊరికి వెళ్తుంది. అక్కడి పోస్టుమ్యాన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. ఫారం కింద కూపన్ ఉంటుంది. పంపినవాళ్లు దాని మీద నాలుగు మాటలు రాసుకోవచ్చు. అది చింపి డబ్బు అందుకున్నవాళ్లకు ఇస్తాడు. ముట్టినట్టు వేసిన వేలిముద్ర ముక్క మాత్రం వెనక్కి, పంపినవాళ్ల దగ్గరికి వెళ్తుంది.

నాయనమ్మకు చదువు రాదు. కూపన్ మీద రాసింది పోస్టుమ్యానే అరుగు మీద నిలబడి చదివేవాడు. ఇరుగుపొరుగు అందరూ వినేవారు. అందుకేనేమో తాతయ్య ఎప్పుడూ అవే మాటలు రాసేవాడు. ‘క్షేమం. పిల్లలు జాగ్రత్త. బర్రెకు తవుడు పెట్టించు.’ రోజంతా ఊరివాళ్ల కథలకూ కావ్యాలకూ అక్షరాలు పేర్చిన మనిషి, ఇంటికి రాసింది మాత్రం ఆ మూడు ముక్కలే!

తాతయ్య పోయాక ఆయన రేకుపెట్టె తెరిస్తే అందులో రెండో కట్ట కనిపించింది. నెలనెలా వెనక్కి వెళ్లిన రసీదు ముక్కలు. ప్రతిదాని మీదా నాయనమ్మ బొటనవేలి ముద్ర. ఒక్కటీ పారేయలేదు. ఇక్కడ ఆవిడ కూపన్లు దాచుకుంటే, అక్కడ ఆయన ముద్రలు దాచుకున్నాడు. ఈ సంగతి ఆ ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్నారో లేదో మాత్రం మాకు తెలీదు.

రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి తేదీలు చూసింది నేనే. 1964లో మూడు నెలలు లేవు. రెండింటిలోనూ లేవు. నాన్నకు ఆ మూడు నెలలు బాగా గుర్తు. ఎస్సెస్సెల్సీ పరీక్ష ఫీజు కట్టాల్సిన నెలలు. మనియార్డరు రాలేదు. కార్డు ముక్కా రాలేదు. నాయనమ్మ నలుగురినీ అడిగి లేదనిపించుకుంది. నాన్నకు ఓ ఏడాది పోయింది. నాలుగో నెల డబ్బు వచ్చింది. కూపన్ మీద ‘క్షేమం. పిల్లలు జాగ్రత్త’ అనే ఉంది. ఎందుకు పంపలేదని ఆయన చెప్పలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాన్న అడగలేదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

కౌంటరు ముందు

లోపలికి వెళ్లేసరికి నాన్న ఆగిపోయాడు. తలెత్తి కప్పు చూశాడు. అంత ఎత్తు ఊహించలేదనుకుంటా. పొడవాటి హాలు, వరసగా కౌంటర్లు, ఠక్‌ ఠక్‌మని ముద్రల చప్పుడు. 2000లో జరిగిన అగ్నిప్రమాదంలో భవనం దెబ్బతింది. బాగుచేశాక మళ్లీ పని సాగుతోంది. కాకపోతే వెనకటి పనులు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. పాత పద్ధతి మనియార్డరు 2015లో ముగిసింది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్‌ పోస్టులో కలిపేశారు.

‘మనియార్డరు ఎక్కడ కట్టేవాళ్లంటావ్?’ అన్నాడు నాన్న. నాకేం తెలుస్తుంది? ఏదో ఓ కౌంటరు చూపించాను. దాని ముందు ఓ అయిదు నిమిషాలు నిలబడ్డాడు. లైన్లో ఉన్నాడేమో అనుకుని వెనకాల ఓ కుర్రాడు కూడా నిలబడ్డాడు.

‘ఆ మూడు నెలలూ ఇక్కడికి రాలేదన్నమాట’ అన్నాడు నాన్న. కాసేపాగి, ‘లేక వచ్చి, లైన్లో నిలబడి, జేబు తడుముకుని వెళ్లిపోయాడో...’ అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. అరవై ఏళ్లలో ఆ సంగతికి ఆయన నోట రెండో కారణం రావడం అదే మొదటిసారి. ఏది నిజమో చెప్పే కాగితం ఏ కట్టలోనూ లేదు. పంపిన డబ్బుకే ముద్ర పడుతుంది. పంపలేకపోయిన దానికి పడదు కదా!

తర్వాత నాన్న యాభై పైసల పోస్టుకార్డు ఒకటి కొన్నాడు. నా దగ్గర పెన్ను తీసుకుని, అమ్మ పేరు, మా ఇంటి అడ్రసు రాశాడు. ఇటు తిప్పి ఆలోచిస్తూ కూర్చున్నాడు. పది నిమిషాలైంది. ‘ఏం రాయాలో తోచట్లేదే! జనమంతా చదువుతారు కదా’ అన్నాడు. చివరికి రెండు లైన్లు రాసి, నాకు చూపించకుండా తీసుకెళ్లి డబ్బాలో వేశాడు.

కంటికి ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఆ రాత్రి రైలుకే బయల్దేరాం. మూడు రోజుల తర్వాత కార్డు ఇంటికి వచ్చింది. అప్పటికి నాన్న వసారాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ‘ఇంట్లోనే ఉన్నారుగా, నోటితో చెప్పకూడదా?’ అంది అమ్మ. అంటూనే పైకి చదివింది.

‘క్షేమం. అమ్మాయి తోడుగా ఉంది.’

అమ్మ కార్డును అటూ ఇటూ తిప్పింది. ‘ఇంతేనా?’ అంది. నాన్న పేపరులోంచి తలెత్తకుండానే, ‘అంతే పడుతుంది అందులో’ అన్నాడు.

ఆ కార్డు ఇప్పుడు నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. కూపన్ల కట్టను, రసీదుల కట్టను కలిపి ఒకే దారంతో కట్టి, దాన్ని పైన పెట్టింది నాన్నే.