పులుపెరిగిన నాలుక

మందు గురించి మన ఊళ్ళలో రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి తప్పు, రెండోది మత్తు. తాగనివాళ్ళు మొదటిది మాట్లాడతారు, తాగేవాళ్ళు రెండోది. రుచి మాట ఎత్తేవాళ్ళు అరుదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వైన్‌షాపు దగ్గర కాసేపు నిలబడితే రెండు ప్రశ్నలే చెవిన పడతాయి: "స్ట్రాంగుందా?", "కూలింగుందా?" చేదెంత, గోధుమతో చేసిందా బార్లీతోనా, సీసా ఎప్పుడు నింపారు అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఇంత రుచి తెలిసిన నేల మీద ఇలా జరగడం నాకు బాధగా ఉంటుంది.

పులియబెట్టడం మనకు కొత్త విద్యేం కాదు. మా అమ్మమ్మ తరం దాకా ఉత్తరాంధ్ర ఇళ్ళలో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి, బియ్యం కడుగు అందులో పడేవి. రోజూ కొంత తీయడం, కొంత పోయడం. కుండ మాత్రం ఖాళీ అయ్యేది కాదు. ఆ కుండలోని పులుపు ఒక్కో ఇంటికి ఒక్కో తీరుగా ఉండేది. పొలానికి వెళ్ళేవాళ్ళు చోడి అంబలి తాగి వెళ్ళేవారు. చోడిపిండిని ఉడికించి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తేలిగ్గా పులిసేది, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగేవారు. ఇలా పెరిగిన నాలుకకు సన్నని పులుపుకీ ముదిరిన పులుపుకీ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

కల్లు దగ్గర ఆ తేడా గంటల లెక్కన తెలుస్తుంది. మన వైపు తాడిచెట్టెక్కేది యాతలు, శెగిడీలు. తెల్లవారుజామున దించిన లొట్టిలో తీపి ఇంకా పైచేయిగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం రాస్తే అదే నీరా, పులవదు. సున్నం లేకపోతే గాలిలోదీ, లొట్టి గోడలదీ ఈస్టు పని మొదలుపెట్టి చక్కెరను తినేస్తూ పోతుంది. ఎండెక్కేసరికి నాలుగైదు శాతం ఆల్కహాలు, సాయంత్రానికి ముక్కు ముడుచుకునే పులుపు, ఆ పైన వెనిగర్. మా ఊరి తోటలో ఓ గీత కార్మికుడు నాతో అన్నమాట: "పొద్దెక్కితే పాడైపోద్ది బాబూ, ఇప్పుడే తాగీయండి." నేను మాత్రం రెండు పూటలవీ తాగి చూశాను. నాకు నచ్చింది పది గంటల కల్లు. తీపి పూర్తిగా పోదు, పులుపు పూర్తిగా రాదు, నాలుక మీద చిన్న బుడగలు. ఎవరికి ఏ గంట కల్లు నచ్చుతుందో వాళ్ళకు తెలియడం, అదీ రుచి అంటే.

సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లోకి వెళ్తే తాడి స్థానంలో జీలుగు ఉంటుంది. జీలుగు కల్లు తాటికల్లు కన్నా చిక్కన, కాస్త గడ్డి వాసన. సవరలు పితృదేవతలకు అర్పించేది ఇదే. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి వేసిన పెద్ద పుస్తకంలో ఈ చెట్టుకు, ఈ కల్లుకు వాళ్ళ జీవితంలో ఎంత చోటుందో విస్తారంగా రాశాడు. ఎవరి చెట్టు ఎలా ఉంటుందో అక్కడివాళ్ళు మాట్లాడుకుంటుంటే వినాలి. ఈ చెట్టు కల్లు తియ్యన, ఆ గెడ్డ ఒడ్డుది చప్పన, మరోదానికి ఘాటు. పట్నంలో ఆ మాట మనం పోగొట్టుకున్నాం.

పోగొట్టుకోవడానికి కారణాలున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఆ ఆడవాళ్ళ పోరాటం న్యాయమైనది. కూలి డబ్బులు ఇంటికి చేరని సాయంత్రాలు వాళ్ళకే తెలుసు. కానీ ఆ తర్వాత కూడా మందు మాట రాగానే నిషేధమా, ఆదాయమా అన్న వాదనే నడిచింది. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్ళు దుకాణాలు ప్రభుత్వమే నడిపినప్పుడు జనానికి అలవాటైన పేర్లు అరల మీంచి పోయి, ఎవరూ వినని పేర్లు వచ్చాయి. దొరికిందే తాగాల్సినచోట ఇష్టాయిష్టాలకు చోటెక్కడ? తక్కువ తాగి, చూసి తాగే అలవాటు ఇంటింటా పెరగాలంటే ముందు రుచి గురించి మాట్లాడుకోవాలని నా గట్టి నమ్మకం.

బీరు విషయంలో మీ ఇంటి కూరల నుంచి మొదలుపెట్టండి. కాకరకాయ వేపుడు, మెంతికూర పప్పు రెండోసారి వడ్డించుకునేవాళ్ళకు ఐపీఏ అనే చేదు బీరు నచ్చుతుంది, దాని చేదంతా హాప్స్ పువ్వుది. మనవైపు బెల్లం వేయని పులుసు తక్కువ. ఆ తీపీ పులుపూ కావాలనుకుంటే గోధుమ బీరు వైపు రండి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు ఈస్టు నుంచే పుడతాయి. బెల్జియం పద్ధతిలో ధనియాలు, ఎండిన నారింజ తొక్క వేస్తారు. దాదాపు మరుగునపడ్డ ఆ పద్ధతిని హూగార్డెన్ ఊళ్ళో పియర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్ళీ నిలబెట్టాడు. వేయించిన చోడిపిండి వాసన ఇష్టమైతే నల్లని స్టౌట్ మీది. ఆవపెట్టిన పనసపొట్టు కూరకు మాత్రం మామూలు లాగరే తోడు, ముక్కుకెక్కిన ఆవఘాటును తేలికపాటి చేదు కడిగేస్తుంది. నెత్తళ్ళ వేపుడుకూ అంతే.

పులుపు ప్రాణమైనవాళ్ళకు చెప్పాల్సింది ఇంకా ఉంది. జర్మనీలో లైప్‌జిగ్ వాళ్ళు గోజె అనే పుల్లని బీరు చేస్తారు, అందులో ఉప్పు, ధనియాలు వేస్తారు. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరుకు ఈస్టు కలపరు, తెరిచిన తొట్టిలోకి గాలి తెచ్చి వేసిందే. కల్లు కొన్ని గంటల్లో చేసే పని అది ఏళ్ళ తరబడి చేస్తుంది. మొదటిసారి బెంగళూరులో ఇలాంటి పుల్లని బీరు గుక్కెడు తాగినప్పుడు పక్కనున్న మా బావ "ఇది మన తరవాణేటి!" అన్నాడు. అవునన్నాను.

మన జిల్లా దుకాణాల్లో ఇవన్నీ దొరకవు. ఎక్కువగా దొరికేవి లాగరు, స్ట్రాంగు. లాగరులో ఆల్కహాలు 5 శాతం లోపు, స్ట్రాంగులో 8 దాకా. ఆ ఎక్కువ శాతం రుచికి సాయం చేయదు, నాలుక మీద తీపి, మంట మిగులుస్తుంది. రణస్థలం మండలం బంటుపల్లిలో యునైటెడ్ బ్రూవరీస్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి తాజా లాగరు మనకు దూరం కాదు. లేబుల్ మీద తేదీ చూసి తీసుకోండి. ఎండ తగిలిన సీసా వద్దు, వెలుతురు పడితే హాప్స్ చెడి దుర్వాసన వస్తుంది, గోధుమరంగు సీసా అందుకే. గడ్డకట్టేంత చల్లదనంలో నాలుక మొద్దుబారుతుంది. గ్లాసులో పోసి కాసేపు ఉంచితే అసలు వాసన పైకొస్తుంది.

ఇంట్లో కలుపుకునే పానీయాలు నాకు ఇంకా ఇష్టం. మద్యం, పులుపు, తీపి, నీళ్ళు, మసాలా కలిపే పంచ్ తూర్పు ఇండియా కంపెనీవాళ్ళ కాలంలో ఈ దేశం నుంచే వెళ్ళింది. ఇంగ్లీషు రాతల్లో దాని తొలి ప్రస్తావనల్లో ఒకటి 1632లో పెట్టపోలి వర్తకుడికి వచ్చిన ఉత్తరంలో ఉంది. పెట్టపోలి అంటే మన నిజాంపట్నం. అంటే కాక్‌టెయిల్‌కు తాత లాంటి పానీయం మాట తెలుగు తీరం మీద పలికి దాదాపు నాలుగు వందల ఏళ్ళయింది.

ఆ అయిదు పాళ్ళనే నేను మన సరుకుతో నింపుతాను. అనకాపల్లి బెల్లం, నీళ్ళు సమంగా కరగబెట్టి వడగట్టాలి, బెల్లంలో నలకలుంటాయి. చింతపండు పులుసు పల్చగా తీయాలి. రెండు వంతులు డార్క్ రమ్ము, ఒక వంతు చింతపండు, ముప్పావు వంతు బెల్లంపాకం, నలగ్గొట్టిన నాలుగు మిరియాలు, చిటికెడు ఉప్పు, నిండా చల్లనీళ్ళు. రమ్ము కూడా చెరకు మడ్డి నుంచే వస్తుంది గనుక బెల్లంతో దానికి చుట్టరికం కుదురుతుంది. ఉద్దానం కొబ్బరిబొండం దొరికితే మరో దారి: తెల్ల రమ్ము, బొండం నీళ్ళు, అల్లం రసం, నిమ్మచెక్క. ఇందులో సోడా వద్దు, బొండం నీళ్ళ సున్నితత్వం చచ్చిపోతుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి. కలపడం వేరు, కాయడం వేరు. సారా కాయడం నేరం, దేనితో కాచారో తెలియని నాటుసారా ప్రాణాలు తీస్తుంది. ముద్ర ఉన్న సీసా కొని, కొలిచి కలపండి.

అన్నిటికన్నా నా మనసు లాగేది జీడిమామిడి పండు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో వేసవిలో గింజ తీసుకుని పండును చాలావరకు చెట్టు కిందే వదిలేస్తారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది, రైతులు మళ్ళీ మొక్కలు నాటి పెంచుకుంటున్నారు. అలాంటి చెట్టు పండు మట్టిపాలవుతుంటే చూడలేను. గోవావాళ్ళు ఈ పండుతోనే ఫెనీ చేస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మొదటి బట్టీలో దిగే తేలికపాటి ఉర్రాక్‌ను నిమ్మసోడా, ఉప్పు, చీల్చిన పచ్చిమిరపకాయతో తాగుతారు. పలాసలో పప్పు ఫ్యాక్టరీల పక్కన పండురసం తీసే చిన్న యూనిట్లు ఎందుకు వెలవకూడదు? నారింజ కన్నా ఎన్నో రెట్లు సి విటమిన్ ఉన్న రసం అది. మందు ముట్టనివాళ్ళకు కూడా పనికొస్తుంది.

అడ్డొచ్చేది వగరు. దానికి మందు మన వంటింట్లోనే ఉంది, పల్చని గంజి. పిండిన రసంలో గంజి కలిపి కదపకుండా ఉంచితే వగరు గంజితో కలిసి అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని గుడ్డలో వడగట్టాలి. పెద్ద గ్లాసుకు సగం ఈ రసం, ఒక కొలత జిన్ను, నిమ్మరసం, ఉప్పు, ఓ పచ్చిమిరపకాయ చీలిక, పైన సోడా. జిన్ను లేకుండా పిల్లలకు, పెద్దవాళ్ళకు ఇవ్వండి. పండు ఒక్కరోజుకే మెత్తబడిపోతుంది కాబట్టి తోట నుంచి తెచ్చిన రోజే పిండాలి. రసం బట్ట మీద పడితే మరక పోదు, పాత చొక్కా వేసుకుని కూర్చోండి.