సెషన్‌కి 60 రూపాయలు

ఆసుపత్రిలో సైకాలజిస్టుగా పనిచేసినన్నాళ్లూ సెలవుకి ఓ ధర ఉంటుందని నాకు తెలియదు. క్యాజువల్ లీవో ఎర్న్‌డ్ లీవో రాసిచ్చి వెళ్లిపోయేదాన్ని. నెలాఖరుకి జీతం పూర్తిగానే పడేది. సొంత ప్రాక్టీసు పెట్టుకున్నాక లెక్క మారింది. గది అద్దె, కరెంటు బిల్లు, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి జీతం నేను వచ్చినా రాకపోయినా ఇవ్వాల్సిందే. నేను రాని రోజు ఆగేది రాబడి ఒక్కటే.

అందుకని, కౌన్సెలర్లూ థెరపిస్టులూ సేద తీరడానికి అనంతగిరి కొండల్లో వారాంతపు రిట్రీట్ పెడుతున్నారని తెలియగానే కాలిక్యులేటర్ తీశాను. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. బస, భోజనం, జీఎస్టీ అన్నీ కలిపి 15,000. హైదరాబాద్ నుంచి ఆ కొండలున్న వికారాబాద్ ఎంతో దూరం లేదు, కారు పంచుకుంటే మనిషికి 1,200. ఇంతవరకూ ఎవరైనా వేసుకునే లెక్కే. పెద్ద ఖర్చు మాత్రం పోస్టర్ మీద ఉండదు. మాకు గిరాకీ అంతా శని, ఆదివారాల్లోనే. ఐటీ ఉద్యోగులు, టీచర్లు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు అప్పుడే తీరిక చేసుకుంటారు. శుక్రవారం సాయంత్రం రెండు, శనివారం ఆరు, ఆదివారం పొద్దున మూడు, వెరసి 11 సెషన్లు. అప్పటి నా ఫీజు 1,200 చొప్పున 13,200 రాకుండా పోతాయి. మొత్తం 29,400.

“రెండ్రోజులు పడుకోడానికి ముప్పై వేలా?” అన్నారు అత్తయ్య. “ఆ పడుకునేదేదో ఇంట్లో పడుకుంటే రూపాయి ఖర్చుండదు కదమ్మా!” పడుకోవడమే పనైతే ఆవిడ మాటకి తిరుగులేదు.

ఉచితంగా దొరికేవాటినీ చూశాను. నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మ ఖేత్త విపశ్యన కేంద్రం ఉంది. అక్కడి 10 రోజుల శిబిరానికి ఫీజే తీసుకోరు. అంతకుముందు శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. కానీ వెళ్లే రోజు, వచ్చే రోజు కలుపుకుంటే 12 రోజులు. నా ప్రాక్టీసులో అది 40 సెషన్లకు పైమాటే, దగ్గర దగ్గర 50,000. ఫీజు లేని శిబిరం నాకు ఫీజున్న రిట్రీట్ కన్నా ఖరీదు. పైగా అక్కడ మౌనం పాటించాలి. వారమంతా నోరు మూసుకుని వినే మనిషిని నేను, నాకప్పుడు కావలసింది మాట్లాడుకోవడానికి నా వృత్తివాళ్లు.

మా అలసట ఎలాంటిదో బయటివాళ్లకి చెప్పడం కష్టం. రోజంతా వరసగా ఆత్మహత్య ఆలోచనలు, విడాకులు, బిడ్డని పోగొట్టుకున్న తల్లి మాటలు విని ఇంటికొస్తే, స్కూల్లో ఏం జరిగిందో మావాడు చెబుతుంటాడు. ‘ఊఁ’ కొట్టడానికి కూడా ఓపిక ఉండదు. అనడానికి ‘ఊఁ’ అంటాను, వాడు చెప్పిందేమిటో గుర్తుండదు. మనస్తత్వవేత్త చార్ల్స్ ఫిగ్లీ దీన్ని ‘కంపాషన్ ఫెటీగ్’ అంటూ 1995లో ఏకంగా ఓ పుస్తకమే తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ‘బర్న్‌అవుట్’ కూడా ఉంది, కానీ జబ్బుగా కాదు, పనివల్ల కలిగే పరిస్థితిగా. ఇందులో డబ్బు సంగతి ఒకటుంది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు ఒంటి జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బులకీ కవరేజీ ఇవ్వాలి. బర్న్‌అవుట్ జబ్బు కాదు, రిట్రీట్ చికిత్సా కాదు. అంచేత ఈ ఖర్చంతా సొంత జేబులోంచే.

పన్ను సంగతి మా ఆడిటర్‌ని అడిగాను. అప్పట్లో అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 37 సూత్రం ఒకటే అన్నారాయన, పూర్తిగా వృత్తి కోసమే చేసిన ఖర్చయితేనే రాబడిలోంచి తీసేయొచ్చు. “వర్క్‌షాపు ఫీజుకి మీ ప్రాక్టీసు పేరు మీద బిల్లు తీసుకోండి మేడమ్. ఏ గంటల్లో ఏం నేర్పారో సర్టిఫికెట్ కూడా ఉంటే మంచిది. అక్కడ మసాజ్ చేయించుకుంటే మాత్రం ఆ బిల్లు నాకు పంపకండి.” రిట్రీట్‌కి మాతో వచ్చిన సైకియాట్రిస్టుకి ఈ బిల్లుల గొడవే లేదు. ఆయన అదే చట్టంలోని సెక్షన్ 44ఏడీఏ కింద రిటర్ను వేసేవారు. వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టేవారు కాబట్టి, ఖర్చు విడిగా చూపించినా ఒరిగేదేమీ లేదు. రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టులు, నిరంతర శిక్షణకిచ్చే సీఆర్‌ఈ పాయింట్లు వస్తాయా లేదా అన్నది కూడా ముందే కనుక్కోవాలి. రెన్యువల్‌కి అవి కావాలి. మేం వెళ్లినదానికి రాలేదు.

అయినా వెళ్లాను. క్లయింట్లకు మూడు వారాల ముందే చెప్పి, ఆ రెండ్రోజుల్లో అత్యవసరమైతే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను.

శనివారం పొద్దుటి శ్వాస అభ్యాసాలు, బొమ్మలు గీయించడాలు బాగానే ఉన్నాయి. వాటికోసమే అయితే 29,400 ఎక్కువే. మధ్యాహ్నం ఏ కార్యక్రమమూ పెట్టకుండా వదిలేశారు. నా దృష్టిలో నిర్వాహకులు చేసిన మంచిపని అదే. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నప్పుడు ఎవరో అడిగారు, “అందరూ సెషన్‌కి ఎంత తీసుకుంటున్నారు?” అని. ఒక్కరూ నోరు మెదపలేదు. ఎదుటివాళ్ల పడగ్గది సంగతులు కూడా తడుముకోకుండా అడిగే మాకు, సొంత ఫీజు చెప్పడానికి నోరు రాలేదు. చివరికి చీటీలు రాద్దామన్నారు. పేర్లు లేకుండా అంకెలు రాసి పెరుగన్నం తిన్న స్టీలు గిన్నె ఒకటి కడిగి అందులో వేశాం. ఒకమ్మాయి విప్పి చదివింది. 400, 1,000, 600, 2,500, 500... 2,500 దగ్గర అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. 500 చీటీ తనదేనని విజయవాడ నుంచి వచ్చిన ఓ పెద్దావిడ ఒప్పుకున్నారు. “పెంచుదామనే అనుకుంటానమ్మా. ఏడుస్తున్న మనిషి దగ్గర డబ్బు మాట ఎత్తడానికి మనసొప్పదు. అందుకని రోజుకి ఎనిమిది మందిని చూస్తాను.”

ఆ మాటతో నాకు విషయం తేటపడింది. బర్న్‌అవుట్ మీద దశాబ్దాలుగా పరిశోధన చేసిన క్రిస్టీనా మాస్లాక్ మనిషి లోపం వెతకొద్దు, పని పరిస్థితులు చూడమంటారు. సెషన్‌కి 500 చొప్పున రోజుకి ఎనిమిది మందిని చూసే మనిషి కొండమీద రెండ్రోజులు గాలి పీల్చుకుని, సోమవారం మళ్లీ ఆ ఎనిమిది మంది దగ్గరికే వెళ్తే ఆ 15,000 వృథా. ఆవిడకి ముందు కావలసింది ఫీజు పెంచుకోవడం, ఇద్దరు క్లయింట్లను తగ్గించుకోవడం. రిట్రీట్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇంటికొచ్చాక నా లెక్క నేను వేసుకున్నాను. నాకు ఏడాదికి సుమారు 900 సెషన్లు. రిట్రీట్‌కి పోయిన రాబడితో సహా 29,400. నా కేసుల గురించి నేను చర్చించే సీనియర్‌కి సూపర్‌విజన్ ఫీజు నెలకి 2,000, అంటే ఏడాదికి 24,000. రెండూ కలిపి 53,400. తొమ్మిది వందలతో భాగిస్తే సెషన్‌కి 60 రూపాయల లోపే. అంతవరకూ ఈ ఖర్చుని మిగిలితే చూద్దాం అన్న జాబితాలో పెట్టేదాన్ని. ఇప్పుడు గది అద్దె పక్కన రాస్తున్నాను. కొత్త క్లయింట్లకు ఫీజు 1,300 చేశాను. పాతవాళ్లకు మూడు నెలలు గడువిచ్చాను. విద్యార్థులకు 500 చొప్పున ఉంచిన స్లాట్ల జోలికి వెళ్లలేదు.

ఆ 60 రూపాయలు ఎలా దాచాలన్నది ఇంకో ప్రశ్న. మా ఆడపడుచు చిట్టీ వేయమంది, బ్యాంకువాళ్లు రికరింగ్ డిపాజిట్ అన్నారు. రెండింటికీ నెలనెలా తప్పకుండా కట్టాలి. నా రాబడి ప్రతి నెలా ఒకేలా ఉండదు. సంక్రాంతికి అందరూ ఊళ్లకి పోతారు, దసరాకీ అంతే, వేసవిలో సగం మంది రారు. అందుకే విడిగా ఓ సేవింగ్స్ ఖాతా తెరిచి, ప్రతి శనివారం రాత్రి ఆ వారం సెషన్లు లెక్కపెట్టి, ఒక్కోదానికి 60 చొప్పున అందులోకి పంపేస్తున్నాను. పని తక్కువైన వారం తక్కువే వెళ్తుంది. ఆ ఖాతాకి డెబిట్ కార్డు తీసుకోలేదు, యూపీఐకీ కలపలేదు.

ఇలాంటి రిట్రీట్‌కి డబ్బు కట్టబోయే కౌన్సెలర్లు ముందు గంటలవారీ షెడ్యూలు అడిగి తీసుకోండి. అందులో కనీసం ఒక పూట ఖాళీ లేకపోతే అది సెమినారే, దానికి కొండదాకా వెళ్లక్కర్లేదు. క్లయింటుకి అత్యవసరమై మీరు ఆగిపోవాల్సి వస్తే ఫీజులో ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లు మీ ప్రాక్టీసు పేరు మీదే ఇవ్వమనండి. మీ ఫీజు పెంచి రెండేళ్లు దాటిందా? అయితే ఈసారి రిట్రీట్ మానేసి, ముందు ఫీజు పెంచండి.