ఫోనెక్కిన పూతరేకు

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా రావులపాలెం వైపు వెళ్తుంటే కాలువ పక్కన, కొబ్బరిచెట్ల నడుమ ఆత్రేయపురం వస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ మధ్యనున్న కోనసీమకు ఇటువైపు ఇదే గుమ్మం. దగ్గర్లోనే లొల్ల లాకులు. సినిమా షూటింగులకు పేరుపడ్డ చోటు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లతో వరి నిలదొక్కుకున్న నేల ఇది. ఆ వరి బియ్యంతో చేసే మిఠాయే ఊరికి పేరు తెచ్చింది.

పూతరేకు పుట్టేది దుకాణంలో కాదు, ఇళ్లలో. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి జారుగా కలుపుతారు. బోర్లించిన కుండ కింద ఎండుకమ్మలు మండుతుంటాయి. పలచటి గుడ్డను ఆ పిండిలో ముంచి కుండ మీద పరిచి లాగితే, రెప్పపాటులో పొర ఆరి కాగితంలా లేచి వస్తుంది. సెగ ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఈ పనిలో ఉండేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ రేకులు కొనుక్కుని దుకాణాలవాళ్లు నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం కోరో చల్లి, మడిచి అమ్ముతారు.

ఫోను కెమెరాకు ఇంతకంటే అనువైన పని దొరకదు. అరనిమిషంలో మొదలూ చివరా కనిపిస్తాయి, మాట అక్కర్లేదు. అందుకే యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ కుండ అంతగా తిరుగుతోంది. దారినపోయేవాళ్లు బండి ఆపి కొనుక్కునే స్వీటు ఇప్పుడు వాట్సాప్‌లో ఆర్డరై, ఫోన్‌పేలో డబ్బు పడి, కొరియర్‌లో హైదరాబాద్ చేరుతోంది. డ్రైఫ్రూట్స్, చాక్లెట్ రకాలూ వచ్చాయి.

అయితే ఫోనులో ఊరి పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. చూడకుండా కొనేవాడికి ఆ పేరే భరోసా. అందుకే తయారీదారుల సంఘం పట్టుబట్టి 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు సాధించుకుంది.

ఊరి పేరుకు కాపలా దొరికింది సరే, రేకు తీసే చేతి మాటేమిటి? వీడియోలో కనిపించే చేయి ఒకరిది, కింద ఉండే ఫోన్ నంబరు చాలాసార్లు మరొకరిది. వసిష్ఠ ఆవలి ఒడ్డున నరసాపురం లేసుదీ ఇదే కథ. లేసు విదేశాలకు వెళ్లింది, లాభం వ్యాపారులకు చేరింది, అల్లినవాళ్లు మాత్రం ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగానే లెక్కకొచ్చారని సామాజికవేత్త మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు.

లేసు అల్లిన ఆ తరానికి కొనేవాళ్ల మొహం తెలిసే దారి లేదు. రేకు తీసే నేటి ఇల్లాలికి ఆ దారి అరచేతిలో ఉంది. పదిమంది కలిసి పొదుపు చేయడం డ్వాక్రా నాటినుంచీ ఇక్కడి ఆడవాళ్లకు తెలిసిన విద్యే. అలాగే కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఖాతా తెరవొచ్చు. నెయ్యికీ, డబ్బాలకీ కాస్త పెట్టుబడి కావాలి. చూసేవాళ్లను మాత్రం వెతుక్కోనక్కర్లేదు, ఆమె చేతుల్ని వాళ్లు ఇప్పటికే చూస్తున్నారు.