కాలు లాగిన మాట

టోకియో నగరంలో జింబోచో అని ఒక పేట ఉంది. పేటంతా పుస్తకాల అంగళ్ళే. పాతపుస్తకాల దుకాణాలు చాలా మటుకు పెద్దవీధికి దక్షిణపు పక్కనే, ఉత్తరం వైపు ముఖం పెట్టుకుని ఉంటాయి. వాస్తు కాదు లెండి; ఎండ తగిలితే కాగితం పాడవుతుందని. విజయవాడ పాతపుస్తకాల అంగళ్ళలో దుమ్ము దులుపుకుంటూ పెరిగినవాణ్ణి, ఈ జాగ్రత్త చూసి నాకు ముచ్చట వేసింది.

ఒక అంగట్లో, జపానువారికి ఇంగ్లీషు పలుకుబళ్ళు నేర్పే పుస్తకాలే ఒక బీరువా నిండా ఉన్నాయి. జపాను లిపి నాకు రాదు. అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారొకరు నా వెంట ఉండి, చదివి చెబుతూ వచ్చారు.

జోరువానకు ఇంగ్లీషువాడు పిల్లులూ కుక్కలూ కురిశాయంటాడు గదా, జపానువారికి మన్నూ ఇసుకా కురుస్తాయట. మనకు కుండపోత. సులువైన పని ఇంగ్లీషువాడికి కేకుముక్క. జపానులో 'అసామెషి మయె', అంటే పొద్దుటి భోజనానికి ముందే అయిపోయే పని. మనకు నల్లేరు మీద బండినడక. పైవాణ్ణి మంచి చేసుకోడానికి ఇంగ్లీషువాడు వెన్న రాస్తాడు, జపానువాడు నువ్వులు నూరుతాడు, మనం కాకా పడతాం. ఆఫీసరన్నవాడికి ఏ దేశంలోనూ లోటు లేదు కాబోలు!

ఒకే రాయికి రెండు పిట్టలన్న మాటను వాళ్ళు 'ఇస్సెకి నిచో' అంటారు. చూపుకు ప్రాచీన చైనా సామెతలా ఉంటుంది గాని, నిజానికి ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదే. ఇల్లరికపుటల్లుడు ఇంటివాడైపోయినట్టన్నమాట.

ఇంతవరకూ సరదాయే. మాటకు మాట సరిగ్గా అతికినచోటనే చిక్కంతా. ఇంగ్లీషులో కాలు లాగడమంటే ఉత్త వేళాకోళం. జపానులో 'అషి ఓ హిప్పరు' అన్నా అక్షరాలా కాలు లాగడమే. కాని అర్థం, ఎదిగేవాడికి అడ్డుపడడం. మన తెలుగూ ఇంచుమించు ఆ దారినే పోతుంది.

మాస్టారి శిష్యుడొకడు ఏదో కంపెనీలో గుమాస్తా. పైన ఉన్న విదేశీ అధికారి ఒకనాడు నవ్వుతూ, "నీ కాలు లాగుతున్నానోయ్" అన్నాడట. కుర్రవాడికి ముఖాన నెత్తురుచుక్క లేదు. ఇక నన్ను పైకి రానివ్వడనుకున్నాడు. రాత్రంతా కూర్చుని రాజీనామా రాసి, ఇంగ్లీషు తప్పులు దిద్దమని మాస్టారి దగ్గరికి తెచ్చాడు.

"దిద్దారా?" అన్నాను ఆత్రంగా.

"దిద్దడానికి ఒక్క తప్పుంటేగా! అంత ఇంగ్లీషు వచ్చినవాడికి తెలియనిది ఈ మాటొక్కటే" అన్నారాయన.

విషయం విడమరిచి చెప్పేసరికి కుర్రవాడి చెవులు ఎర్రబడ్డాయట. ఉద్యోగం నిలిచింది.

మేము చూస్తున్న పుస్తకంలో ఆ పలుకుబడికి దక్కింది ఒకే ఒక్క పంక్తి. పిల్లులకూ కుక్కలకూ మాత్రం బొమ్మతో సహా పూర్తి పేజీ. నాకు ఇది బొత్తిగా నచ్చలేదు. మాస్టారికీ నచ్చలేదు; అందుకే ఆయన తమ క్లాసులో మొదటి రోజునే నల్లబల్ల మీద కాలి బొమ్మ గీసి పాఠం మొదలుపెడతారట.