పెట్టెలోని చీర, వీధిలోని జాతర

ఊరు చూడడమంటే చాలామంది కోటలూ గోపురాలూ చూసి రావడమే అనుకుంటారు. హైదరాబాదులో మా ఇంటికి చుట్టాలు వస్తే మేమూ అంతే, చార్మినారుకూ గోల్కొండకూ తీసుకుపోతాం. అవి ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటాయి. కాని పట్నంలో కొన్ని అందాలు ఏడాదిలో కొద్ది రోజులే కనబడతాయి. అవి చూడాలంటే ఏ నెలలో ఎటు వెళ్ళాలో తెలిసి ఉండాలి. వాటి గురించే మీతో మాట్లాడతాను. మాట ఎక్కువగా బట్టల మీదికి పోతుంది. చదువుకునే పుస్తకంలో బట్టల ముచ్చటేమిటని నవ్వుకోకండి. మనం రోజూ కట్టేవాటి గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

నేను 1984లో ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చాను. మాది పాలమూరు వైపు. జీతం కొద్దిపాటిది, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. సెలవు రోజున ఖర్చు లేకుండా ఎక్కడ తిరగవచ్చో వెతుక్కుంటూ నేర్చుకున్న సంగతులే ఇవన్నీ.

మొదట నుమాయిష్ గురించి చెప్పాలి. ఏటా జనవరి మొదట్లో మొదలై ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరిగే పెద్ద సంత ఇది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివిన కొందరు పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీన్ని ప్రారంభించారు. అప్పటి పేరు 'నుమాయిష్ మస్నువాతే ముల్కీ'. అంటే స్వదేశంలో తయారైన వస్తువుల ప్రదర్శన. తరువాత 1946లో నాంపల్లికి మార్చారు. మధ్యలో కొంత విరామం వచ్చి 1949లో మళ్ళీ మొదలైంది. అప్పుడు గవర్నర్ జనరల్‌గా ఉన్న రాజగోపాలాచారి వచ్చి ప్రారంభించారు. కరోనా కారణంగా 2021లో జరగలేదు. దీన్ని నడిపే సొసైటీ విద్యాసంస్థలను కూడా నడుపుతుంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ వాటిలో ఒకటి. మీరు కొన్న టికెట్టులో ఏదో కొంత ఎవరో ఒక పిల్ల చదువుకు పోతుందన్నమాట.

చాలామంది అక్కడికి మిర్చి బజ్జీల కోసం, పిల్లలు ఎక్కే చిన్న రైలు కోసం వెళతారు. తప్పేమీ లేదు, నేనూ బజ్జీలు తినే వస్తాను. కాని సాయంత్రం గేట్లు తెరవగానే, జనం పెరగకముందే వెళ్ళి చూడండి. కాశ్మీరు వాళ్ళు శాలువలు పరిచి కూర్చుంటారు. లక్నో చికన్ కుట్టు, ఖుర్జా పింగాణీ, మన చేనేత చీరలు అన్నీ ఒకే చోట ఉంటాయి. రద్దీ లేని వేళ దుకాణంవాళ్ళకు మాట్లాడే తీరిక ఉంటుంది. కొనకపోయినా ఫరవాలేదు. "ఈ కుట్టు ఎన్ని రోజుల పని?" అని అడగండి. శాలువ తిరగేసి వెనకవైపు చూపించమనండి. చేత్తో చేసిన పని ముందుకన్నా వెనకవైపే బాగా తెలుస్తుంది. దారాలు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ ముడిపడ్డాయో అక్కడ కనబడతాయి. ఏడాదికొకసారి వచ్చే కాశ్మీరీ వ్యాపారి ఒకాయన నాకు ఇలా చూడడం నేర్పాడు. ఆయన దగ్గర నేను పదేళ్ళలో కొన్నది ఒక్కటే శాలువ. అయినా విసుక్కోలేదు.

అక్కడే మొదటిసారి తేలియా రుమాలు చూశాను. తేల్ అంటే నూనె. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలోను మళ్ళీ మళ్ళీ నానబెట్టి, ఎండబెట్టి, ఆ తరువాత పడుగునూ పేకనూ కూడా ముందే ముళ్ళు కట్టి రంగులద్ది నేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు. అంతే, మూడు రంగులు. చీరాలలో పుట్టిన ఈ నేత తరువాత పుట్టపాకలో నిలిచింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు ఇవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవి. అక్కడివాళ్ళు తలకు చుట్టుకునేవారు. ఇక్కడ బెస్తవాళ్ళు భుజాన వేసుకునేవారు. నిజాం ఇంటి ఆడవాళ్ళు దుపట్టాగా కప్పుకునేవారు. పాత రుమాళ్ళలో కొన్నిటి మీద విమానాలు, గడియారాలు కూడా నేసి ఉంటాయి. కొత్తగా చూసిన వింతను నేతగాడు మగ్గం మీదికి ఎక్కించాడు. నాకు అది చాలా ముచ్చటగా అనిపించింది.

ఇక మ్యూజియం సంగతి. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం దగ్గర ఎప్పుడూ జనమే. గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలప్పుడు చూడాలి, పిల్లలూ పెద్దలూ అందరూ నోళ్ళు తెరుచుకుని కూర్చుంటారు. ఆ తరువాత ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మ దగ్గరికి పోతారు. అదీ బట్టల ముచ్చటే చూడండి! బెంజోనీ అనే ఇటలీ శిల్పి రాతిలో పలచని మేలిముసుగు చెక్కాడు. కాని అసలు బట్టలు ఉన్న గదిలో మాత్రం జనం పలచగా ఉంటారు. జామేవార్ శాలువలు, కలంకారీలు నిదానంగా చూడాలంటే అక్కడికి వెళ్ళండి. శుక్రవారం మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

హిమ్రూ అనే నేత గురించి కూడా మీరు వినాలి. పట్టూ నూలూ కలిపి నేసే పువ్వుల గుడ్డ ఇది. ఔరంగాబాదు దీనికి పేరుపడ్డ ఊరు. 1956 దాకా ఆ ఊరు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది కనుక ఇక్కడి షేర్వానీలకు ఆ గుడ్డ వాడేవారు. మష్రూ అని ఇంకొకటి ఉంది. పైకి పట్టు, ఒంటికి తగిలేవైపు నూలు. మగవాళ్ళు ఒంటికి పట్టు తగలనివ్వకూడదనే ముస్లిముల నియమానికి నేతగాళ్ళు కనిపెట్టిన ఉపాయం. ఈ రెండు నేతలూ అడుగంటిపోతున్న కాలంలో సురయ్యా హసన్ బోస్ అనే ఆవిడ హైదరాబాదులో మగ్గాలు పెట్టి, భర్తలు పోయిన ఆడవాళ్ళకు నేత నేర్పించి నడిపారు. ఆవిడ 2021లో కన్నుమూశారు. పాత గుడ్డముక్క ఎదురుగా ఉంటేనే అలాంటి నేతను తిరిగి పట్టుకోగలరు. దారాలు లెక్కపెట్టుకోవడానికి అదే ఆధారం. గుడ్డముక్క కూడా పోతే లెక్కా పోయినట్టే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు.

మా అమ్మకు పెళ్ళినాటి గద్వాల చీర ఒకటి ఉండేది. గద్వాల చీర ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. మధ్య భాగం నూలు, అంచూ కొంగూ పట్టు, వాటిలో జరీ. నూలుకూ పట్టుకూ అతుకు ఎక్కడుందో తెలియకుండా మగ్గం మీదే కలిపి నేస్తారు. అమ్మ చీర మధ్యభాగం వంకాయ రంగు, అంచు మిరపపండు ఎరుపు. 1976లో నా కాలేజీ ఫీజు కట్టే గడువు దగ్గరపడింది. ఆ ఏడు వానలు సరిగా లేవు, చేతిలో పైసా లేదు. "పాత జరీ చీరలు కొంటాం" అంటూ వీధిలోకి ఒకాయన వచ్చాడు. ఇలాంటి కేక మీరూ విని ఉంటారు. పూర్వపు అసలు జరీలో దారం చుట్టూ సన్నని వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేసేవారు. కొన్నవాళ్ళు ఆ అంచులను కాల్చి వెండి తీసుకుంటారు. చీర అందంతో వాళ్ళకు పని లేదు, తూకంతోనే పని. అమ్మ కత్తెర తెచ్చి అంచూ కొంగూ కత్తిరించి ఇచ్చేసింది. నేను ఏడుస్తుంటే, "చీర పెట్టెల ఉంటే ఏమొస్తది బిడ్డా, పోయి ఫీజు కట్టు" అన్నది.

అమ్మ చేసింది సరైన పనే. ఆ డబ్బు లేకపోతే నేను ఇవాళ మీకు ఈ నాలుగు మాటలు రాసేదాన్ని కాదు. అందుకే పాత బట్టలు అమ్ముకున్నవాళ్ళను తప్పుపట్టేవాళ్ళంటే నాకు గిట్టదు. పాత చీర ఇచ్చి స్టీలు గిన్నె తీసుకునే తల్లికి ఆ గిన్నె అవసరం ఉంటుంది. కాని ఆ అంచులో ఏ పువ్వు నేసి ఉండేదో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు. మా ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. నలభై ఏళ్ళుగా నుమాయిష్‌లో ప్రతి గద్వాల దుకాణం ముందూ ఆగుతాను. అలాంటి ఎరుపు కనబడింది, అలాంటి పువ్వు అని మాత్రం చెప్పలేను. మిగిలిన వంకాయరంగు గుడ్డను అమ్మ బొంతలో వేసి కుట్టింది. ఆ బొంత నా దగ్గరే ఉంది. చలికాలంలో కప్పుకుంటాను.

కనుక మీకు ఒక పని చెబుతాను. ఇంట్లో పాతది ఏదైనా ఉంటే, ఉంచుకున్నా అమ్ముకున్నా ముందు ఒకసారి విప్పి వెలుతురులో చూడండి. ఎవరిది, ఎక్కడ కొన్నది, ఎప్పుడు కట్టింది అని ఇంట్లో పెద్దలను అడిగి రాసిపెట్టండి. చేతిలో ఫోను ఉంటే అంచు దగ్గరగా వచ్చేటట్టు ఫోటో తీయండి. ఉంచుకునేవాళ్ళు నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, అత్తరు చల్లకండి, జరీ నల్లబడుతుంది. కొన్ని నెలలకొకసారి నీడలో గాలికి ఆరబెట్టి, మడత మార్చండి. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది.

బట్టలు దాచుకోవడంలో రాజులను మించినవాళ్ళు లేరనుకోండి. పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు ఒక పెద్ద హాలు పొడవునా, రెండు అంతస్తులుగా ఉన్నాయి. పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే కొయ్య లిఫ్టు కూడా ఉంది. ఆయన తొడిగిన బట్ట మళ్ళీ తొడిగేవాడు కాదని చెప్పుకుంటారు. నాకు ఆ బీరువాలకన్నా ఆయన ఆస్థానంలో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోలే ఇష్టం. షేర్వానీలు, తలపాగాలు, నగలు అన్నీ గీత గీతా కనబడతాయి. పేదవాళ్ళు కట్టిన బట్టలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే మాత్రం తోట వైకుంఠం బొమ్మలు చూడండి. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండుగా నగలు. మా పాలమూరు ఆడవాళ్ళే నిలబడ్డట్టు ఉంటుంది.

ఇక ఆషాఢం వస్తే మ్యూజియంతో పని లేదు, వీధిలోనే చూడవచ్చు. బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడి మీదుగా పాతబస్తీ లాల్‌దర్వాజాకు చేరతాయి. అందరూ పోతరాజును, ఘటాన్ని చూస్తారు. మీరు బోనం ఎత్తిన ఆడవాళ్ళ చీరలు కూడా చూడండి. ఏడాదంతా పెట్టెలో ఉన్న చీర ఆ రోజు బయటికి వస్తుంది. రెండు మూడు నెలలకే బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు బజారుకు వచ్చాయంటే పెట్టెలు మళ్ళీ తెరుచుకున్నట్టే. మీరు హైదరాబాదులోనే ఉండనక్కరలేదు. షోలాపూరులో, భివండీలో, సూరత్‌లో మగ్గాల పనికి పోయి స్థిరపడ్డ మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ వాడల్లోనూ చూడవచ్చు.

కాలేజీ పిల్లలు ఇప్పుడు పాత చీరలను 'వింటేజ్' అంటున్నారు. ఆ పేరు పెట్టి దుకాణాల్లో బాగా ఖరీదుకు అమ్ముతున్నారు కూడా. తూకం లెక్కన పోయిన చీరకు విలువ తిరిగి రావడం మంచిదే. ధర చూసినప్పుడు మాత్రం నాకు మా వీధికి వచ్చినవాడి త్రాసు గుర్తుకు వస్తుంది.

కిందటేడు సద్దుల బతుకమ్మ నాడు మా వీధిలో ఒక పెద్దామె గళ్ళ నారాయణపేట చీర కట్టుకుని వచ్చింది. కొంగు దగ్గర చిన్న చిరుగును రఫూ చేయించింది. వేలితో తడిమితే తప్ప తెలియడం లేదు. ఎన్నేళ్ళ చీర అమ్మా అని అడిగితే, "మా అత్తమ్మ పెట్టింది, నా పెద్దకొడుకు పుట్టినప్పుడు" అన్నది. ఆ కొడుక్కు అరవై దాటాయి. వచ్చే ఏడు ఆ చీర తానే కట్టుకుంటానని మనవరాలు పట్టుబట్టి కూర్చుందట. "ఇస్త గాని, ఎత్తు మడమల చెప్పులేస్తదమ్మా అది. కుచ్చిళ్ళల్ల కాలు పెట్టి చింపుతదేమోనని నా భయం" అని పూలు సర్దుకోవడానికి వంగింది.