నల్లిబొక్క దగ్గర ఆగిన నవ్వు

నెక్కొండ,
ఆదివారం సాయంత్రం.

దోస్తూ,

ఇక్కడ పత్తి రెండో ఏరుడు అయిపోయింది. మిర్చి పూత మీదున్నది. మొన్న సూరత్ నుంచి ఫోన్ చేసి ఒక మాట అన్నవు: "సావు ఇంట్ల నవ్వులాట పెట్టి సినిమా తీసుడేంది? పోయినోళ్ళకు విలువ లేదా?" అని. డ్యూటీ టైమయిందని వెంటనే పెట్టేసినవు. ఫోన్‌లో తెగే ముచ్చట కాదని కాయితం పట్టిన.

నువ్వన్న ఆ 'బలగం' సినిమా 2023 మార్చి 3న వచ్చింది. తీసింది మన సిరిసిల్ల దిక్కు వేణు ఎల్దండి. అప్పటిదాంక టీవీలో, సినిమాల్లో మనల్ని నవ్వించిన మనిషే. ఆ ఎండాకాలం తెలంగాణలో ఎన్నో ఊళ్ళల్లో తెరలు కట్టి ఆ సినిమా చూపించిన్రు. నేనూ మా పక్కూర్లో నేల మీద కూసొనే చూసిన. నా పక్కన ఒక ముసలవ్వ. సినిమాలో కొమురయ్య తాత ఊరంతా తిరుగుకుంట ఒక్కొక్కరితో పరాచికాలాడుతుంటే అవ్వ పకపక నవ్వింది. కాసేపటికే తాత పోయిండు. మనవడు సాయిలుకు తాత పోయిండన్న బాధ కంటే, లగ్గం ఆగితే కట్నం పైసలు రావు, అప్పు తీరదన్న రంది ఎక్కువ. అవ్వ మళ్ళా నవ్వింది. ఈసారి కొంగుతో కండ్లు తుడుచుకుంట నవ్వింది.

ఫ్రాన్స్ తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లో నవ్వు మీద ఒక పుస్తకం రాసిండు. నవ్వు రావాలంటే గుండె కాసేపు మొద్దుబారాలె అంటడు. ఆ అవ్వను చూసినంక నేను ఆ మాట ఒప్పుకోను. ఆమె గుండె మొద్దుబారలేదు. సాయిలు రంది ఎవరింట్లో లేదు? పాడె పక్కన కూసొని మిత్తి లెక్కలు చూసుకునేటోళ్ళు మన వాడకట్టులోనే ఉన్నరు. అందరం దాచుకునే సంగతి తెర మీద బయటపడ్డది. అందుకే నవ్వొచ్చింది. పోయినాయన మీద నవ్వు కాదది.

మా బాపు పోయినప్పుడు నువ్వు వచ్చినవు కదా. ఐదోనాడు రాత్రి మా చిన్నాయన ఏం చెప్పిండో యాదికున్నదా? బాపు బండి మీద నిద్రపోతే, ఎడ్లు నర్సంపేట అంగడికి పోకుండా తిరిగి ఇంటి ముందటికే తెచ్చి నిలబెట్టిన ముచ్చట. అమ్మ ఉన్నట్టుండి నవ్వింది. అమ్మ కడుపు నిండ బువ్వ తిన్నది ఆ రాత్రే. నవ్వు మీద ఏండ్లకేండ్లు పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్, మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతడని లెక్కగట్టిండు. అందులో శానా నవ్వులు జోకులకు కాదు, మామూలు మాటలకే వస్తయట. ఎక్కడెక్కడో ఉన్న చుట్టాలంతా దినాలు అయ్యేదాంక ఒక్క కప్పు కింద పండుకునేది మనకు సావు ఇంట్లనే. అక్కడ నవ్వు రాకుంటె ఇంకెక్కడ వస్తది?

అసలు నీతో చెప్పాలనుకున్నది నల్లిబొక్క సంగతి. సినిమాలో ఇంటల్లుడు నారాయణ 20 ఏండ్ల కింద విందులో నల్లిబొక్క, అదే మూలుగ ఉన్న బొక్క, దగ్గర మాట పట్టింపుకు పోయి అత్తగారింటికి రాకపోకలు బంద్ చేస్తడు. అదే అందరికీ నవ్వు తెప్పించింది. నాకు మాత్రం గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టయింది.

డిగ్రీలో మనకు సోషియాలజీ సారు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ పేరు చెప్పేది. 1940లో ఆయన పరాచికాల వరసల మీద వ్యాసం రాసిండు. లగ్గంతో కలిసిన రెండిండ్ల నడుమ దగ్గరితనం ఉంటది, ఎడం కూడా ఉంటది. అది పగ కాకుండా ఉండాలని ఒకరినొకరు ఎగతాళి చేసుకునే హక్కు ఇచ్చుకుంటరు. కోపం తెచ్చుకోకుండ ఉండుడు రెండోవాళ్ళ బాధ్యత. ఆఫ్రికా లాంటి దూరపు చోట్ల తెగల గురించి రాసిన మాటలే, కానీ బావ బావమరుదుల ముచ్చట మన ఇండ్లల్లో అచ్చం గట్లనే ఉంటది. వరసైనోళ్ళ మీదనే పరాచికం చెల్లుతది. పెదనాయినతో ఆడగలమా? కుటుంబం విలువలంటే పెద్దల కాళ్ళు మొక్కుడొక్కటే అనుకుంటం. ఎవరితో ఎంత దాంక నవ్వొచ్చో తెలిసి ఉండుడు కూడా అందులోదే. ఆ హద్దు మా ఇంట్ల నేను దాటిన.

మా గృహప్రవేశం నాడు బంతిలో బావను "కట్నం బాకీ తిండితోని తీర్చుకుంటున్నవా" అని నలుగురి ముందట అన్న. అందరు నవ్విన్రు. నువ్వూ నవ్వినవు. బావ విస్తరి ముందల నుంచి లేచి చెయ్యి కడుక్కున్నడు. ఆ ఏడు ఆయన మిర్చి మొత్తం పురుగు పాలైందని, మా అక్క పుస్తెలతాడు కుదువ పెట్టిన్రని నాకు ఎరుక లేదు. కనుక్కోవాలన్న సోయి కూడా లేదు. పరాచికం వేరేనాడైతే చెల్లేది. ఆనాడు ఆకలిగొన్నోని విస్తరి మీద పడ్డది. తొమ్మిదేండ్లు అక్క ఒక్కతే వచ్చిపోయింది. "అంత చిన్న మాటకా" అనుకుంట నేను బిగుసుకొని కూసున్న.

సినిమాలో పోయిన తాత పేరు మీద పిట్టకు బువ్వ పెడితే పిట్ట ముట్టదు. ఆఖరికి పదకొండోనాడు బుడగజంగాల దంపతులు పోయినాయన కథ పాడితే బలగమంతా ఏడ్చి ఒక్కటైతది. ఆ పాడినోళ్ళు పస్తం మొగిలయ్య, కొమురమ్మ మనకు దూరపోళ్ళు కాదు, దుగ్గొండి మండలమోళ్ళు. ఇండ్లిండ్లు తిరిగి పోయినోళ్ళ మీద పాటలు కట్టి పాడే కులవృత్తి వాళ్ళది. 2024 డిసెంబర్‌లో మొగిలయ్య పోయిండు. ఆ వార్త తెలిసిన నాడు నాకు మా బావ యాదికొచ్చిండు. ఇద్దరిట్ల ఎవరం పోయినా రెండోవాడు దినాలకు వచ్చి దూరంగ నిలబడాల్నా అనిపించింది.

తెల్లారి బస్సెక్కి పోయిన. బావ వాకిట్ల మక్కలు ఒలుస్తున్నడు. తప్పయిందన్న. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నేనూ పక్కన కూసొని మక్కలు ఒలిచిన. అక్క చాయ్ తెచ్చినంక, "నల్లిబొక్క తెచ్చినవా?" అన్నడు. ఆయనా చూసిండన్నట్టు ఆ సినిమా! నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

వచ్చే సంక్రాంతికి బావ మా ఇంటికొస్తుండు. పనికి లీవ్ పెట్టి నువ్వూ రా. ఆనాడు బంతిలో బావ పక్కన కూసున్నది నువ్వే కదా, మళ్ళా అదే జాగాలో కూసుందువు.

నీ దోస్తు.