తాళం ఎవరి చేతిలో?

ఇంటి తాళాలు అత్తగారి బొడ్లో ఉండాలా, కోడలి కొంగున ఉండాలా అన్న తగాదా మనకి కొత్తది కాదు. ఆ తగాదా మీద నవలలు రాసి నేనూ నాలుగు డబ్బులు గడించాను. కానీ పాటకి వేసే తాళం ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా మాత్రం మొన్న వేసవిలోనే మా ఇంట్లో చూశాను. దానికి కారణం మా మరిది మోజుపడి కొన్న రెండు పాత పెట్టెలు.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర, ఐసు కొట్టు మేడమీద మా మరిదికో చిన్న గది ఉంది. కిటికీ తెరిస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. తెరవకపోయినా చేపల వాసన వస్తుంది. అక్కడ పాటలు రికార్డు చేస్తుంటాడు. మామూలు రోజుల్లో మరబోట్ల ఇంజన్ల రొద. అందుకని చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధించే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఆ 61 రోజులూ అతనికి పండగే. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి.

ఆ రోజుల్లోనే మా అత్తగారి మంగళహారతులు రికార్డు చేస్తానని పట్టుబట్టాడు. ఆవిడకి 78 ఏళ్ళు. ఆ పాటలు వాళ్ళమ్మగారి నోటంట నేర్చుకున్నవి, ఎక్కడా రాసిపెట్టి లేవు. గొంతేమో ఏడాదికేడాది సన్నబడుతోంది. ఇంకో వేసవికి వాయిదా వేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఇక ఆ పెట్టెల సంగతి. ఒకటి నాలుగు ట్రాకుల క్యాసెట్టు రికార్డరు. 1979లో టియాక్ కంపెనీ 'పోర్టాస్టూడియో' అని ఇలాంటిదే తెచ్చింది. మామూలు క్యాసెట్టులో రెండు వైపులకీ పంచే జాగానంతా ఒకే వైపుకి వాడుకుని, నాలుగు గొంతుల్ని పక్కపక్కన విడివిడిగా ఎక్కిస్తుంది. రెండోది సీక్వెన్సరు. ఇది శబ్దాన్ని దాచదు. ఏ స్వరం ఏ క్షణాన మోగాలో చీటీ రాసుకుని, ఆ ప్రకారం కీబోర్డు చేత వాయిస్తుంది. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు ఒకదాని మాట ఒకటి వినేలా 1983లో 'మిడి' అనే ఉమ్మడి భాష వచ్చింది. రాజ్-కోటిల దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్. రెహమాన్ 1992లో 'రోజా'తో పేరు తెచ్చుకునేనాటికి మద్రాసు పాటల్లో ఇలాంటి పెట్టెలు మామూలైపోయాయి.

ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే కష్టం. టేపు మోటారుతో, రబ్బరు చక్రంతో నడిచేది. ఎండకీ అరుగుదలకీ దాని నడక మారుతుంది. నూటికి ఒక వంతు తేడా వచ్చిందా, నాలుగు నిమిషాల పాట ముగిసేసరికి రెండు సెకన్లకి పైనే ఎడం. హారతి అయిపోయాక గంట కొట్టినట్టన్నమాట!

"అయితే ఆ టేపునే కాస్త సర్దుకోమనరాదూ?" అన్నాను.

"దానికి చెవుల్లేవు వదినా. వినగలిగేది సీక్వెన్సరు. కాబట్టి అదే సర్దుకోవాలి."

చెవులున్నవాళ్ళే సర్దుకోవాలిట! ఈ న్యాయం మీరెక్కడో విన్నట్టు లేదూ?

పద్ధతి ఇదీ. నాలుగో ట్రాకు మీద ఒక కీచు శబ్దం ఎక్కిస్తారు. అందులో నాసిరకానిది 'పద, పద' అంటుందే గానీ ఎక్కడున్నామో చెప్పదు. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి రావలసిందే. సినిమా, టీవీల వాళ్ళు వాడే టైమ్ కోడ్ అయితే గంట, నిమిషం, సెకను, ఫ్రేము అంటూ చిరునామా చెబుతుంది. టేపు ఎక్కణ్ణుంచి మొదలైనా సీక్వెన్సరు అక్కడికి వచ్చి అందుకుంటుంది. ఆ కీచు పక్కకి కారుతుందని మూడో ట్రాకుని ఖాళీగా వదిలేస్తారు. పాట వినేవాళ్ళకి నాలుగో ట్రాకు వినిపించదు. అది లేకపోతే మాత్రం వాయిద్యం ఓ దారి, పాట ఓ దారి.

మరిది మొదట టిక్కు టిక్కుమనే తాళం వాళ్ళమ్మ చెవులకి తగిలించి పాడమన్నాడు. చరణం చివర సాగదియ్యడం ఆవిడకి అలవాటు. టిక్కు ఆగదు కదా! మూడుసార్లు పాడి, హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టేశారు.

"ఒరే, దేవుడే నా హారతి అయ్యేదాకా ఆగుతాడు. నీ గడియారానికేం తొందరరా?"

దాంతో మరిది వరస మార్చాడు. టైమ్ కోడ్ నడుస్తుండగా ఆవిణ్ణి తన ఇష్టప్రకారం పాడమన్నాడు. తరవాత ఆ పాట వింటూ ఎవరైనా తాళం దెబ్బదెబ్బకీ ఒక మీట నొక్కాలి. ఏ దెబ్బ ఏ సెకనులో పడిందో గుర్తుంచుకుని, యంత్రం ఆ నడకనే తన నడక చేసుకుంటుంది. మరిది నొక్కితే సాగదీసిన చోటల్లా తప్పింది. చివరికి మీట నా చేతికొచ్చింది.

22 ఏళ్ళుగా వంటింట్లో పోపు వేసుకుంటూ, పూజగదిలోంచి వచ్చే ఆ పాటలు వింటున్నాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ మాట దగ్గర ఒత్తి సర్దుతూ ఆగుతారో నా చేతికే తెలుసు. ఒక్కసారికే కుదిరింది. యంత్రం వాయించిన తబలా, వీణా ఆవిడ వెనకాలే నడిచాయి. ఆవిడ ఆగినచోట ఆగాయి.

పాట మొత్తం విని అత్తగారు నావంక చూశారు. "నువ్వింతలా వింటున్నావని నాకు తెలీదే అమ్మాయ్" అన్నారు. నిజానికి నాకూ తెలీదు.

సర్దుకుపోవడం చేతకానితనమని కథల్లో చాలానే రాశాం. సర్దుకోవాలంటే ముందు వినడం రావాలి, ఆ విద్య అందరికీ పట్టుబడదు. నా తగువల్లా ఒక్కటే. ప్రతిసారీ వినే పని ఒకళ్ళకే ఒప్పజెప్పకూడదు.

పాట పూర్తయింది కదా, నాలుగో ట్రాకు చెరిపేసి అక్కడ వయొలిన్ ఎక్కిద్దామన్నాడు మరిది. వీల్లేదన్నాను. క్యాసెట్టు వెనక ప్లాస్టిక్ పలుకులు రెండూ విరగ్గొట్టి, బీరువాలో పెట్టించాను. ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుందో మాత్రం అడక్కండి.